రెండు గ్లాసుల నీళ్లు

పెన్సిలు మొన మొద్దుబారిపోయింది. దానికో దారం కట్టి అట్టకు వేలాడదీశారు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. నిద్ర పట్టనివాళ్లూ నిద్ర ఆపుకోలేనివాళ్లూ వచ్చి కూర్చునే ఈ హాల్లో పెన్సిలు దొంగిలించే ఓపిక ఎవరికుంటుందో ఆమెకు అర్థం కాలేదు. అట్ట మీద కాగితం, కాగితం మీద పదిహేను ప్రశ్నలు, ఆమె మొదటిదాని దగ్గరే పావుగంటగా ఆగిపోయింది. "రేపు మీకు ఏ పనీ లేదు, మిమ్మల్ని ఎవరూ లేపరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు అనుకోండి. ఎన్నింటికి నిద్ర లేస్తారు?" అనుకోండి అట. అనుకోవడానికేం, ఏనుగెక్కి ఊరేగుతున్నట్టు కూడా అనుకోవచ్చు. ఇది రాసిన మహానుభావుడి ఇంట్లో పాలగిన్నె తనంతట తానే పొయ్యెక్కి కూర్చుంటుంది కాబోలు. పక్క కుర్చీలో మొగుడి కాగితం ఉంది, నింపేసి, మడతపెట్టి, పైన క్లిప్పు కూడా తగిలించి. రెండు నిమిషాలు పట్టింది ఆయనకి, నిలబడే రాసేశాడు. నాలుగూ నలభై. బస్ డిపోలో టైమ్‌కీపరు, ఐదూ నలభైకి మొదటి బస్సు ఆయన ఈల వేస్తేనే కదులుతుంది, అందుకే ఆమె మనసులో ఆయన పేరే మొదటి బస్సు. రాత్రి తొమ్మిదికి మాట్లాడుతున్న మాట మధ్యలో నిద్రపోతాడు, మిగతా సగం తెల్లవారుజామున చెబుతాడు. అలా పుట్టాడు. అందులో ఆయన గొప్పేమీ లేదు, పొడుగ్గా పుట్టినవాడు అటక మీది డబ్బా అందుకున్నట్టే. కానీ పొడుగువాళ్లెవరూ పొట్టివాళ్లని సోమరులని తిట్టరు.

ఇప్పుడు ఆయన కిందకి వెళ్లాడు, డిపోకి ఫోను చేసి ఇంకో అరగంట అనుమతి అడగడానికి. వెళ్లేముందు గోడ గడియారాన్నీ తన గడియారాన్నీ మార్చి మార్చి చూసి, టోకెన్లిచ్చే అమ్మాయితో "మీది నాలుగు నిమిషాలు ముందుందమ్మా" అని చెప్పి మరీ వెళ్లాడు. ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా "ఉండనీయండి, ఇంటికి తొందరగా పోతాం" అంది. ఆమెకు ఆ అమ్మాయి నచ్చింది. తొమ్మిదో నంబరు లోపలికెళ్లింది, వీళ్లది పద్నాలుగు. భుజం మీద కూతురి తల బరువుగా ఉంది. పదహారేళ్ల పిల్ల, తన కాగితం పోయినవారమే నింపి ఇచ్చేసింది, ఇప్పుడు కూర్చున్న రెండో నిమిషంలోనే వాలిపోయింది, నోరు కొంచెం తెరిచి, వెచ్చటి ఊపిరి మెడకి తగులుతూ, చిన్నప్పుడు చంకనెక్కి నిద్రపోయినప్పటి ఊపిరే. ఉదయం బడి ఆరూ యాభైకి. ఈ ఏడు నలభై ఒక్క లేటు చీటీలు. నలభై రెండోది వస్తే పేరు తీసేస్తానని హెడ్మిస్ట్రెస్ చెప్పింది, లేదా డాక్టరు ఉత్తరం తెస్తే మధ్యాహ్నం బడిలోకి మారుస్తానంది, పన్నెండున్నరకి మొదలయ్యేదానిలోకి. మధ్యాహ్నం బడి అనేది ఒకటుందని వినగానే పిల్ల మొహం వెలిగిన తీరు ఆమె చూసింది. ఆయన కూడా చూశాడు. "మొద్దులు చదివేది అది" అన్నాడు. పోయినవారం ఇదే హాలు దాటి లోపలికెళ్తే నిద్ర డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, కొందరి ఒంట్లో గడియారం వెనక్కి తిప్పి ఉంటుందనీ, అది బద్ధకం కాదనీ, చాలావరకు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుందనీ. ఇద్దరిలో ఒక్కరు అలాంటివాళ్లున్నా ధైర్యంగా ఉత్తరం రాసిస్తాననీ, లేకపోతే అలవాటనుకుని ముందు రెండు నెలలు ఫోను లాక్కుని పెందలాడే లేపి చూడాలనీ. అప్పుడు ఆయన నవ్వాడు. "మా ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ లేదండీ. ఈవిడైతే ఐదింటికి టంచనుగా లేస్తుంది, అలారం కూడా అక్కర్లేదు." డాక్టరమ్మ ఆమెవైపు చూసింది. ఆమె చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు అలవాటైపోయింది, పెదవులకి ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చేవారం ఎవరి కాగితం వాళ్లు ఒకరినొకరు అడక్కుండా నింపండి, అంది డాక్టరమ్మ.

అలారం కూడా అక్కర్లేదు. ఎన్నిసార్లు విందో ఈ మాట, తన గురించి తనకే ఎవరో చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టు ఉంటుంది. అసలు ఆ మాట మొదట అన్నది అమ్మ. సంబంధం మాట్లాడటానికి వీళ్లు వచ్చిన రోజు, కాబోయే అత్తగారు "మావాడు కోడి కంటే ముందు లేస్తాడు, మరి మీ అమ్మాయి?" అని అడిగితే, అమ్మ కళ్లార్పకుండా "మా పిల్లా? ఐదు దాటితే పక్క ముళ్లలా గుచ్చుకుంటుందండీ దానికి" అనేసింది. ఆమె లోపలి గదిలో తలుపు వెనక ఉంది, అప్పుడే లేచి, పదింటికి, మొహం కడుక్కుని. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వే, నిజంగా నవ్వే వచ్చింది ఆరోజు. తర్వాత రాత్రి అమ్మ పక్కన కూర్చుని చెప్పింది, పెద్ద రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించి: "పడుకోబోయే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగు. కడుపే లేపుతుంది. రెండంటే రెండే. ఒకటైతే ఆరింటికి లేస్తావ్, మూడైతే రెండింటికే లేచి కూర్చుంటావ్." పంతొమ్మిదేళ్లు. రాత్రి రెండు గ్లాసులు, వాంతి వచ్చినట్టున్నా రెండు, చలికాలం దంతాలు జివ్వుమంటున్నా రెండు. పిల్ల కడుపులో ఉన్నప్పుడు మాత్రం నీళ్లు అక్కర్లేకపోయింది, పిల్లే ఆ పని చూసుకుంది. తెల్లవారుజామున పొట్ట కింద రాయి పెట్టినట్టై లేవడం, కళ్లు తెరవకుండానే గోడ పట్టుకుని నడవడం, తిరిగొచ్చేటప్పుడు ఆయన అప్పటికే లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ "చూశావా, మనిద్దరిదీ ఒకటే ఒళ్లు" అనడం. ఒకటే ఒళ్లు! ఆ గంటలో ఆమెది ఒళ్లు కూడా కాదు, ఎవరో తడిపి పిండకుండా దండెం మీద పడేసిన దుప్పటి. పొయ్యి వెలిగించేది చెయ్యి, మాట్లాడేది నోరు, ఆమె మాత్రం పక్క మీదే ఉండిపోయేది, పదింటికో పదకొండింటికో ఎప్పుడో నడిచొచ్చి తనను తాను కలుసుకునేది, అప్పటికి ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్లెవరూ ఉండేవాళ్లు కారు. ఆయన స్నేహితుల ఇళ్లలో ఆడవాళ్లకి ఆమె ఒక పాఠం. ఆవిడని చూసి నేర్చుకోండి అని మొగుళ్లు చెప్పేవాళ్లట. పాపం వాళ్లందరూ ఆమెని ఎంత తిట్టుకుని ఉంటారో. అయినా ఈ కొలత, ఒకటైతే ఆరు, మూడైతే రెండు, ఇంత కచ్చితంగా అమ్మకెలా తెలుసు? పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న రాలేదు. ఇక్కడ, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, మొద్దు పెన్సిలు పట్టుకుంటే వచ్చింది. అమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడి పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా కాఫీ తాగేది, పలకరిస్తే కసురుకునేది. అమ్మకు కోపమెక్కువ అనుకున్నారు అందరూ.

పదకొండో నంబరు. ఆరో ప్రశ్న, "రోజులో మీ బుర్ర అన్నిటికంటే చురుగ్గా ఉండేది ఎప్పుడు?" నాలుగు గడులు ఇచ్చారు, టిక్కు పెట్టాలి. చివరి గడి రాత్రి తొమ్మిది తర్వాత. డిగ్రీలో ఉండగా హాస్టల్లో అందరూ ముసుగుతన్ని పడుకున్నాక మెట్ల మీది బల్బు కింద కూర్చునేది, లెక్కలు. పగలంతా గోడలా అడ్డం నిలబడ్డ లెక్క రాత్రి ఒంటిగంటకి తలుపులా తెరుచుకునేది, తోసినా కాదు, ముట్టుకుంటే చాలు. కాలేజీలో రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు వచ్చినవాడు పొద్దున్నే లేచి చదివేవాడట, ఆ సంగతి లెక్చరరు క్లాసులో చెప్పి అందరిచేత చప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు ఆ ఒంటిగంట రోజూ వస్తుంది, కళ్లు విప్పారుకుని వస్తుంది, లైటు వేస్తే ఆయన లేస్తాడు, కదిలితే మంచం కిర్రుమంటుంది, కాబట్టి వెల్లకిలా పడుకుని చీకట్లో కప్పు వైపు చూస్తూ ఉంటుంది, బుర్ర సానబెట్టిన కత్తిలా ఉంటుంది, కోయడానికేమీ ఉండదు. కూరలు తరిగేది తెల్లారి కదా. ఆ వేళ గోడ అవతల పిల్ల గదిలోంచి పెన్సిలు చప్పుడు వినిపిస్తుంది, గీయడం, ఆగడం, మళ్లీ గీయడం, సన్నగా ఏదో కూనిరాగం. లెక్క తెరుచుకుంటోందని ఆమెకు తెలుస్తుంది, ఆ ఆగడంలోనే తెలుస్తుంది. లేచి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లి తలుపు దగ్గర నిలబడి, ఎంతవరకొచ్చావే, అని అడగాలనిపిస్తుంది. ఎన్ని రాత్రులు? ఒక్క గోడ, అటొకరూ ఇటొకరూ మెలకువగా, గుర్రు పెట్టేవాడు మధ్యలో. ఎప్పుడూ వెళ్లలేదు. వెళితే తనూ మేలుకుని ఉన్నట్టు పిల్లకి తెలిసిపోతుంది.

అత్తగారికి తెలుసేమో. ఆవిడ పోయేముందు రెండేళ్లు వీళ్ల దగ్గరే ఉంది. ఒకరోజు "రాత్రిళ్లు అన్నేసి నీళ్లెందుకే తాగుతావ్?" అని అడిగింది. వేడి చేసింది అత్తయ్యా, అంది ఆమె. ఆవిడ ఊ అంది, అంతే. మర్నాటినుంచి రాత్రి ఆమె వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి మంచం పక్కన స్టూలు మీద రెండు గ్లాసులు నిండుగా, మూతలు పెట్టి సిద్ధంగా ఉండేవి. పోయేదాకా ఒక్కరోజు తప్పలేదు. అది జాలో, నువ్వు తాగి తీరాల్సిందే అని చెప్పడమో, ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సరే, అవన్నీ పోనీ. నీళ్లు తాగింది తను, తన కడుపు, తన ఇష్టం. పిల్లని లేపింది ఎవరు? మొదటి బస్సు ఐదుంపావుకల్లా గడప దాటుతుంది, లేపేది ఆమే. ముందు ఫ్యాను కట్టేయడం. తర్వాత కర్టెన్లు బర్రున లాగడం. తర్వాత దుప్పటి. తర్వాత తడి చెయ్యి మొహం మీద. "బారెడు పొద్దెక్కింది లేవే" అని ఐదున్నరకి, పొద్దు ఇంకా పొడవకుండానే. "గుడ్లగూబా" అనే పేరు ఆయన పెట్టాడు, వాడింది మాత్రం ఆమె. పిల్ల లేచి కూర్చుని గోడకేసి చూసేది, ఆ చూపు ఆమెకి బాగా తెలుసు, అద్దంలో చూసిన చూపే, ఒళ్లు లేచి మనిషి ఇంకా లేవని చూపు. అది తెలిసి, తెలిసీ "నన్ను చూడు, నేను లేవట్లేదా? నన్నేమైనా ఇనుముతో చేశారా?" అనేది. ఒకసారి పోయిన చలికాలంలో పిల్ల నిద్రమత్తులో ఏడ్చింది, అమ్మా ఒక్క గంటమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను, అంది. ఆమె కిటికీ తెరిచేసింది. చలి గాలి లోపలికి వస్తుంటే అక్కడే నిలబడి, ఒక రకమైన తృప్తి, అవును తృప్తే, మరో పేరు పెట్టడానికి వీల్లేదు. నేను పడలేదా. నువ్వు పడుకుంటే నేను తాగిన నీళ్లన్నీ ఏ కాలవలోకి పోవాలి. ఎవరూ చూడని చోట ఆ మాట లోపల అలా పలికింది, చాలా స్పష్టంగా, ఐదున్నరకి, బుర్ర పనిచేయని వేళ.

పన్నెండు. ఆమె మొదటి ప్రశ్న కింద గీత మీద తొమ్మిదిన్నర అని రాసింది. రాసి చూసుకుంది. అంకెలు బాగానే ఉన్నాయి, గుండ్రంగా. తొమ్మిదిన్నర. అంత చిన్న పని. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆయన ఒక్కో మెట్టూ లెక్కపెట్టినట్టు ఎక్కుతాడు. పెన్సిలుకి రబ్బరు లేదు. వేలికి ఉమ్మి తడి చేసి రుద్దింది, కాగితం నల్లగా నలిగింది, దాని పక్కన ఐదు అని రాసింది, మిగతా పద్నాలుగూ గబగబా, పరీక్ష హాల్లో ఆఖరి గంట కొట్టినట్టు, మొదటి గడి, మొదటి గడి, మొదటి గడి.

"అయిందా?" అన్నాడు ఆయన, కుర్చీ వెనక నిలబడి తొంగిచూస్తూ. "ఐదు. నేను చెప్పలా! ఇంతసేపెందుకు పట్టింది మరి?"

"పెన్సిలు మొద్దుది."

"దీన్ని లేపు. డాక్టరు ముందుకి కూడా ఇలాగే పోతుందా?" అని పిల్ల నెత్తిన వేళ్లతో తట్టాడు, గట్టిగా కాదు, బస్సు తలుపు మీద తట్టినట్టు. "లేవమ్మా గుడ్లగూబా. నీ స్టాపు వచ్చింది."

పద్నాలుగు పిలిచాక, లోపల డాక్టరమ్మ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పెదవి విరిచింది కొంచెం. తండ్రిదీ పొద్దుటి ఒళ్లే, తల్లిదీ పొద్దుటి ఒళ్లే అంది. అయితే ఇప్పుడే ఉత్తరం రాయలేననీ, రెండు నెలలు రాత్రి ఫోను ఇవ్వకుండా, తొమ్మిదింటికి లైటార్పి, పొద్దున ఐదింటికే లేపి ఎండ రాగానే నడిపించి చూద్దామనీ చెప్పింది. సోమవారం సంగతి ఎవరూ ఎత్తలేదు. సోమవారం నలభై రెండో చీటీ. ఆయన తృప్తిగా తలాడించాడు. "నేను మొదట్నుంచీ అదే అంటున్నానండీ. క్రమశిక్షణ." పిల్ల ఏడుస్తుందనుకుంది ఆమె, ఎదురు మాట్లాడుతుందనుకుంది, ఇంట్లో చేసే రభస చేస్తుందనుకుంది. పిల్ల ఏమీ చేయలేదు. చేతివేళ్లు చూసుకుంటూ, చాలా మర్యాదగా, ముసలివాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది.

"సరే డాక్టర్‌గారూ. నాలోనే ఏదో తప్పుంది లెండి. మా అమ్మ ఎంత రాత్రయినా పొద్దున్నే లేస్తుంది, నేనే పనికిమాలిన దాన్ని. ప్రయత్నిస్తాను."

డాక్టరమ్మ మళ్లీ ఆమె కాగితం వంక చూసింది. "ఇక్కడ ఏదో రాసి చెరిపినట్టున్నారు?"

గదిలో ఏసీ చప్పుడు. ఆయన గడియారం ముల్లు కూడా వినిపిస్తోంది, పంతొమ్మిదేళ్లుగా దిండు పక్కన విన్న చప్పుడు, తొమ్మిదిన్నర, ఐదు, ఒకటైతే ఆరు, మూడైతే రెండు, కిటికీలోంచి చలి గాలి, మూతలు పెట్టిన గ్లాసులు. వేళ ఎంతయిందో. పదిన్నర కావస్తోంది, తను నడిచొచ్చి తనను కలుసుకునే వేళ.

"నీళ్లండీ," అంది ఆమె.

"ఏంటి?"

"రాత్రి రెండు గ్లాసుల నీళ్లు తాగి పడుకుంటాను. అందుకే మెలకువ వస్తుంది. లేకపోతే రాదు. ఒంటిగంట రెండింటిదాకా నిద్రే పట్టదు నాకు, పుట్టినప్పటినుంచీ. పదిహేను ప్రశ్నలూ తప్పు రాశాను. చివరి గడుల్లో టిక్కు పెట్టుకోండి."

ఆయన నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. "నీళ్లా?" అన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టి, "పంతొమ్మిదేళ్లా?" అన్నాడు. చేతిగడియారం వంక చూసుకున్నాడు, అది ఆగిపోయిందేమోనన్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు కూడా. "మరి నాకు చెప్పొచ్చుగా?" ఆ గొంతులో కోపం లేదు, ఎవరో తన రిజిస్టరులో దొంగ సంతకం పెట్టినట్టు నివ్వెరపాటు. చెబితే ఏం చేసేవారు, అని అడగాలనుకుంది, ఆయన మొహం చూసి మానేసింది. డాక్టరమ్మ అప్పటికే ఉత్తరాల పుస్తకం ముందుకు లాక్కుంది. రాస్తూ రాస్తూ "మీ అమ్మగారు కూడానా?" అని అడిగింది. కిటికీ, కాఫీ, కసురు. "తెలీదండీ," అంది ఆమె. "అడగలేదు."

పిల్ల ఆమెనే చూస్తోంది. మొహంలో నిద్ర లేదు. ఆ వేళకి, పగటి పూట, ఆ కళ్లు అంత మెలకువగా ఉండటం ఆమె చాలా ఏళ్ల తర్వాత చూస్తోంది. అమ్మా అని మెడకి చుట్టుకుంటుందని, ఒక్క క్షణం, నిజంగానే అనుకుంది.

"అంటే, ఎలా ఉంటుందో నీకు తెలుసు," అంది పిల్ల. "తెలిసే లేపావా?"

డాక్టరమ్మ కలం గీసుకుంటున్న చప్పుడు, ఆగడం, మళ్లీ గీయడం. ఉత్తరం మడిచి ఇచ్చింది. మధ్యాహ్నం బడి, పన్నెండున్నరకి, సోమవారం నుంచే. పిల్ల చేయి చాపి తీసుకుంది, థాంక్స్ అంది, అందరికంటే ముందు తలుపు తోసుకుని బయటికి నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు, గోడ గడియారం వైపు చూడకుండా.

హాల్లో మూలన నీళ్ల యంత్రం ఉంది, పక్కన కాగితపు గ్లాసుల దొంతర. పిల్ల దాని దగ్గర ఆగి ఉంది. ఒక గ్లాసు నింపింది, నిదానంగా, అంచుదాకా. దాహమేసిందేమో అనుకుంది ఆమె. పిల్ల రెండో గ్లాసు కూడా నింపింది. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని, ఒలకకుండా నడిచొచ్చి, ఆమె ముందుకు చాపింది.

"తాగమ్మా. రేపు పొద్దున లేవాలిగా."

టోకెన్ల అమ్మాయి తలెత్తి చూసింది. ఆయన మెట్ల దగ్గర వెనక్కి తిరిగాడు. ఆమె ఒక గ్లాసు అందుకుంది, నిలబడే తాగింది, రెండోదీ అందుకుంది. చల్లగా ఉన్నాయి, దంతాలు జివ్వుమన్నాయి. పంతొమ్మిదేళ్లలో ఆ రెండు గ్లాసులూ పగటి పూట తాగడం ఇదే మొదటిసారి. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎక్కడ పడేయాలా అని చూస్తుంటే, పిల్ల అప్పటికే మెట్లు దిగిపోతోంది, రెండేసి మెట్లు ఒక్కసారిగా దాటుతూ, గుడ్లగూబ పగలు ఎగిరినట్టు.